అరవై నాలుగో మెట్టు మీద కుర్చీ

నిష్పాక్షికమైన తీర్పు ఈ సృష్టిలో రెండే చోట్ల దొరుకుతుంది. ఒకటి అంత్యదినాన దేవుడి ఎదుట. రెండోది ఆర్డెన్‌ఫెర్రీ నగరం నాలుగో వార్డులో, మే నెల ఎన్నికకు ముందు. దేవుడి దగ్గర ఫారం ఉంటుందన్న దాఖలా ఎక్కడా లేదు కాబట్టి మొదటి స్థానం మా వార్డుకే ఇవ్వడం న్యాయం.

ఎన్నిక నవంబరులో జరుగుతుందని పెన్సిల్వేనియా రాష్ట్రం అనుకుంటుంది. అనుకోనివ్వండి. మా ఊళ్లో యాభై ఏళ్లుగా ఒకే పార్టీ గెలుస్తోంది. ఎదుటి పార్టీ తరఫున ప్రతి నవంబరులోనూ ఒక పళ్ళ డాక్టరు నిలబడతాడు, ఓడిపోతాడు, మర్నాడు మా పళ్ళే పీకుతాడు (మత్తు కాస్త తక్కువ ఇస్తాడని కొందరి అనుమానం). కాబట్టి మేయరు ఎవరన్నది మే నెలలో, పార్టీ లోపల జరిగే ప్రైమరీలోనే తేలిపోతుంది. అందులో ఓటు వేసే ముందు అభ్యర్థి ఇంతవరకు ఏం చేశాడో తూచి చూడాలి గదా. ఆ తూకం కోసమే మా అభ్యర్థుల పనితీరు మదింపు సంఘం పుట్టింది.

సంఘంలో అయిదుగురం. అధ్యక్షుడు క్లెమెంట్ పుస్కారిచ్. ఉక్కు మిల్లు మూతపడే దాకా అందులో తనిఖీదారుగా పనిచేశాడు, మూతపడ్డాక కూడా రెండు నెలలు తనిఖీ చేశాడు. ఒడెస్సా టిబ్స్ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి, ఎవరినీ నమ్మదు. లెన్‌హార్ట్ దంపతులు ఇద్దరు సభ్యులు, ఒక అభిప్రాయం (అది ఆవిడది). కార్యదర్శిని నేను, వెర్నన్ ఎక్‌హార్ట్‌ని. బడిలో ఇరవై ఆరేళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పాను, నా చేతిరాత బాగుంటుంది. ఈ పదవికి అంతకుమించి అర్హత ఎవరూ అడగలేదు.

సమావేశాలు ఫైర్‌స్టేషన్ హాల్లో, ఈస్టరుకు ముందు మాంసం మానేసే తపస్సుకాలపు శుక్రవారాల్లో పెట్టుకుంటాం. ఆ శుక్రవారాలు హాల్లో చేపల వేపుడు ఉంటుంది, వేపుడు ఉంటే కోరం ఉంటుంది. మదింపు పన్నెండో నంబరు ఫారం మీద జరుగుతుంది (మొదటి పదకొండు ఫారాలు ఏమయ్యాయో తెలియదు). మొత్తం వంద మార్కులు. ఫారం వెనక నిబంధనలు ఉన్నాయి గానీ ముఖ్యమైనది ఒక్కటే: రికార్డులో లేనిది జరగలేదు, రికార్డులో ఉండి జరగనిది, జరుగుతూ ఉంది.

మేయర్ డేల్ కొరిగన్ నాలుగేళ్ల పాలన మీద తన రికార్డును తానే పుస్తకంగా వేయించి మాకు పంపించాడు. నలభై ఎనిమిది పేజీలు. ముప్పై ఒక్క పేజీల్లో ఆయన నవ్వుతున్నాడు, మిగతా పేజీల్లో జనం నవ్వుతున్నారు. మార్చి మొదటి శుక్రవారం క్లెమెంట్ ఆ పుస్తకం పట్టుకుని లేచి, గొంతు సవరించుకుని చదివాడు.

"నగరంలో ఉన్న రెండు వందల పద్నాలుగు వీధులకు గాను, ఈ చలికాలం రెండు వందల పద్నాలుగు వీధులకూ మంచు తీయించడమైనది. అంటే నూటికి నూరు శాతం. పది మార్కులకు పది. అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

అభ్యంతరాలు ఉండవు. నోట్లో చేప ఉంటుంది. కానీ ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బెర్నడీన్ సావ్‌కో చెయ్యెత్తింది.

"క్లెమెంట్, అది ఇంకోసారి చదువు."

"రెండు వందల పద్నాలుగుకు రెండు వందల పద్నాలుగమ్మా."

"అందులో మా వెస్పర్ వీధి ఉందా?"

క్లెమెంట్ జాబితా మీద వేలు జరుపుకుంటూ పోయాడు. "ఉంది. నూట తొంభై తొమ్మిదో నంబరు. పక్కన టిక్కు కూడా ఉంది."

"మంచు తోసే బండి మా వీధిలోకి ఎలా వచ్చిందో కాస్త కనుక్కుని చెప్పు నాయనా. మా వీధి అంటే నూట ముప్పై ఎనిమిది మెట్లు."

మా ఊరు కొండకు అంటించినట్టు ఉంటుంది. పైనుంచి కిందికి కాంక్రీటు మెట్లు, వాటికి అటూ ఇటూ ఇళ్ళు. వందేళ్ల కిందట మ్యాపు గీసిన మహానుభావుడు ఆఫీసు కుర్చీలోంచి లేవకుండా ఆ మెట్లన్నిటికీ వీధులని పేర్లు పెట్టేశాడు. వెస్పర్ వీధిలో ఇప్పటికీ గంటకు పాతిక మైళ్ల వేగం దాటరాదని బోర్డు ఉంది. ఎవరూ దాటలేదు.

మంచు బండి సంగతి ఒడెస్సా మర్నాడే కూపీ లాగింది (డ్రైవరు ఆమె దగ్గరే బండి నేర్చుకున్నాడు). అతను పై రోడ్డు మీద బండి ఆపి, దిగి, మెట్ల కిందికి ఒకసారి చూసి, శిలువ గుర్తు వేసుకుని, తర్వాత కాగితం మీద టిక్కు పెట్టాడట. నిబంధన ప్రకారం బండి వీధి దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళింది. పదికి పది మార్కులు అలాగే ఉన్నాయి.

అయితే బెర్నడీన్ గొడవ మంచు గురించి కాదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి మంచు కరిగి, నీళ్లు లోపలికి దిగి, మళ్ళీ గడ్డకట్టి, కింది నుంచి లెక్కపెడితే అరవై ఒకటి, రెండు, మూడు మెట్లు పక్కనున్న ఇనుప కమ్మీతో సహా విరిగి లోయలోకి పోయాయి. బెర్నడీన్ ఇల్లు మెట్ల పైకొసన. ఆమె అక్క ట్రూడీ ఇల్లు కింది కొసన. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున పదింటికి బెర్నడీన్ మెట్లు దిగి వెళ్తుంది, అక్కాచెల్లెళ్లు కాఫీ తాగుతారు, ఊళ్లో అందరినీ తిడతారు, పదకొండింటికి మెట్లెక్కి వచ్చేస్తుంది. డెబ్భై మూడేళ్లొచ్చినా ఆమె మోకాళ్లు ఇనుపవి. ట్రూడీకి డెబ్భై ఏడు, వాకర్ లేకుండా గుమ్మం దాటలేదు. పైగా జూన్ నెలాఖరుకు ఎరీలో ఉన్న కూతురి దగ్గరకు ఇల్లు ఎత్తేసి వెళ్లిపోతోంది. అంటే ఆ పది గంటల కాఫీలు ఇక లెక్కపెట్టినన్నే ఉన్నాయి, వాటికి అడ్డం మూడు మెట్లు.

బస్సు ఉంది. పై రోడ్డు మీద ఎక్కి, ఊరంతా చుట్టి, వంతెన దగ్గర దిగి, ఇంకో బస్సు ఎక్కితే గంటా పది నిమిషాల్లో తన వరండాలోంచి కనిపించే ఇంటికి చేరుకోవచ్చు. బెర్నడీన్ అలాగే చేరుకునేది. ఒక బస్సు తప్పిపోతే కాఫీ కాస్తా భోజనం అయ్యేది.

బస్సు దొరకని రోజున ఇద్దరూ తమ తమ వరండాల్లో నిలబడి ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. ఫోనెందుకో నాకు అర్థం కాలేదు, వాళ్ల గొంతులు కొండంతా వినబడేవి.

"ఏమే, ఇవాళ ఆ ఆకుపచ్చ స్వెట్టరే వేసుకున్నావా? నిన్న కూడా అదేగా?"

"అక్కడినించి నీకు స్వెట్టరు రంగు కనిపిస్తుందిగానీ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావో కనిపించదు కదా అక్కా."

"నెత్తిన ఉన్నాయిలే. కాఫీ తాగావా?"

"తాగుతున్నా. నీది?"

"చేదుగా ఉంది. నువ్వు కలిపితేనే బాగుంటుంది."

ఇక కుర్చీ సంగతి. మెట్లు విరిగిన మర్నాడు పొద్దున, చీకట్లో ఎవరైనా దిగబోయి పడిపోతారేమోనని బెర్నడీన్ తన వంటింటి కుర్చీ తెచ్చి అరవై నాలుగో మెట్టు మీద అడ్డం పెట్టింది. ఇనుప కాళ్లు, పసుపు రెక్సీన్ సీటు, ఒక మూల చిరుగు. సాటి మనిషికి చేసిన ఈ చిన్న ఉపకారమే ఆమె కొంప ముంచింది.

ఎందుకంటే మా ఊళ్లో కుర్చీ అంటే మాటలు కాదు. మంచు పడ్డప్పుడు మనిషి రెండు గంటలు పార తిప్పి ఇంటి ముందు కారుకు చోటు చేసుకుంటాడు. పనికి వెళ్తూ ఆ చోట్లో ఒక పాత కుర్చీ పెట్టి వెళ్తాడు. సాయంత్రం దాకా ఆ చోటు అతనిదే. ఇది ఏ చట్టంలోనూ లేదు, అందుకే అందరూ పాటిస్తారు. చర్చిలో చందా పళ్ళెం మీద చెయ్యి వేసినవాణ్ణి మా ఊరు క్షమించింది. తొంభై మూడులో ఎవరిదో కుర్చీ పక్కకు జరిపిన రస్ డోబ్సన్ కుటుంబాన్ని మాత్రం ఇప్పటికీ పెళ్ళిళ్లకు పిలవరు. అతని మనవరాలు వేరే ఊళ్లో పెళ్లి చేసుకోవలసి వచ్చింది.

బెర్నడీన్ ఫిర్యాదు అందగానే నగరపాలక సంస్థ మరమ్మతు మనుషులను పంపింది. నాలుగు రోజుల్లో పంపింది (త్వరితగతిన స్పందన: అయిదుకు అయిదు మార్కులు). వాళ్లు సిమెంటు బస్తాలు మోసుకుంటూ డెబ్భై నాలుగు మెట్లు దిగారు. దిగి చూస్తే ఎదురుగా కుర్చీ. మేస్త్రీ డ్వేన్ టోపీ తీశాడు. ఆ సమయానికి బెర్నడీన్ చర్చిలో ఉంది. వాళ్లు అరగంట కుర్చీ చుట్టూ నిలబడి, సిమెంటు బస్తాలు మళ్ళీ ఎత్తుకుని పైకి వెళ్లిపోయారు. కాగితం మీద డ్వేన్ ఇలా రాశాడు: "స్థలం ఎవరో ఉంచుకున్నారు. సమస్య పరిష్కరించబడినది."

బెర్నడీన్ ఆఫీసుకు ఫోను చేసింది. పరిష్కరించిన సమస్యను మళ్ళీ పరిష్కరించడం కుదరదన్నారు. మళ్ళీ చేసింది. మార్చి నడిమికి పట్టు వదలక డ్వేన్‌నే వీధిలో పట్టుకుంది.

"ఆ కుర్చీ నాది బాబూ. నేనే పెట్టాను. నేనే తీసేస్తాను. నువ్వొచ్చి పని చేసుకో."

డ్వేన్ నేల చూపులు చూశాడు. "ఇప్పుడు తియ్యకూడదు పిన్నిగారూ."

"నా కుర్చీ నేను తియ్యకూడదేంటి?"

"ముప్పై రోజులు దాటింది కదండీ. ప్రమాదం దగ్గర ముప్పై రోజులు ఏది అడ్డంగా ఉంటే అది నగరపాలక సంస్థ భద్రతా సామగ్రి అయిపోతుంది. మొన్న వచ్చి నంబరేశారు చూడలేదా, సీటు కింద? మీరు తీస్తే ప్రభుత్వ ఆస్తి కదిపినట్టు. కేసవుతుంది."

"మరి మీరే తియ్యండి."

"మేమెలా తీస్తామండీ," అన్నాడు డ్వేన్ నిజంగా బాధపడుతూ. "మీ కుర్చీ కదా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆచారం ప్రకారం కుర్చీ బెర్నడీన్‌ది కాబట్టి పనివాళ్లు ముట్టుకోరు, రూలు ప్రకారం కుర్చీ నగరానిది కాబట్టి బెర్నడీన్ ముట్టుకోకూడదు. ముట్టుకోగలిగిన ఏకైక వ్యక్తి మేయరు. ఆయన దగ్గరకు విజ్ఞాపన పోతే జవాబు మర్యాదగా వచ్చింది. ఎన్నికకు అరవై రోజుల ముందు ఏ వీధిలోనూ కొత్త పని మొదలుపెట్టరాదు, ఓటర్లను మభ్యపెట్టినట్టవుతుంది. ఇంత నీతిమంతుడికి ఎన్ని మార్కులు వెయ్యాలో మాకు తోచలేదు. నిజాయితీ కింద ఎనిమిదికి ఎనిమిది వేశాం.

బెర్నడీన్ ఊరుకునే రకం కాదు. తర్వాతి శుక్రవారం మా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది (హాలు కుర్చీ, నంబరు లేనిది).

"వెర్నన్, నువ్వు మా పక్కింటివాడివి. నీ వరండాలోంచి ఆ గొయ్యి కనిపిస్తుంది. మీ ఫారంలో దాన్ని రాయడానికి చోటుందా లేదా?"

నేను ఫారం అంతా వెతికాను. గుంతలకు గడి ఉంది. దీపాలకు ఉంది. ఉడతల బెడదకు కూడా ఉంది. లేని మెట్లకు లేదు. "'ఇతరములు' అని ఉంది గానీ బెర్నడీన్ గారూ, అందులో మేయరు గారి ఇతర విజయాలు రాయాలి."

"వెళ్లి చూడరూ, కనీసం," అంది.

ఆ మాటకు ఒడెస్సా లేచింది. "చూద్దాం పదండి. ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, ఆ వీధి పేరు పిలవడమే గానీ చూసింది లేదు."

ఆ విధంగా ఏప్రిల్ పదో తారీఖు పొద్దున మా సంఘం చరిత్రలో మొదటిసారి స్వయంగా ఒక వస్తువును చూడటానికి బయల్దేరింది. తనిఖీ పైనుంచి చెయ్యాలా, కింది నుంచా అన్న దగ్గర నలభై నిమిషాలు చర్చ జరిగింది. చివరకు నేనూ ఒడెస్సా పైనుంచి దిగేట్టు, క్లెమెంటూ లెన్‌హార్ట్ దంపతులూ కింది నుంచి ఎక్కేట్టు తీర్మానించాం. పది గంటలకు కుర్చీ దగ్గర కలుసుకున్నాం. కలుసుకున్నాం అంటే, మధ్యలో గొయ్యి ఉంది.

క్లెమెంట్ రొప్పు తగ్గాక హాజరు పిలిచాడు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. నిబంధన ప్రకారం కోరం నలుగురు, అందరూ ఒకే చోట ఉండాలి. గొయ్యికి పైన ఇద్దరం, కింద ముగ్గురు. ఇటూ కోరం లేదు, అటూ లేదు. ఇటు నుంచి ఒకరు అటు వెళ్తే సరిపోతుంది గానీ, అలా వెళ్లగలిగితే గొయ్యి లేనట్టే, గొయ్యి లేకపోతే సమావేశమే అక్కర్లేదు.

"మరి ఇప్పుడు మనం ఇక్కడ ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు మిస్టర్ లెన్‌హార్ట్. భార్య అతని వంక ఒక చూపు చూసింది.

బెర్నడీన్ ఇదంతా వింటూ నా వెనక మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో ఫ్లాస్కు. "సరే, మీరు ఉన్నా లేకపోయినా, మీ చేతులైతే ఉన్నాయిగా. ఇది మా అక్కకు అందించండి," అంది.

నేను ఫ్లాస్కును గొడుగు వంకీకి తగిలించి కుర్చీ మీదుగా వంగాను (కుర్చీని ముట్టుకోలేదు, చొక్కా కూడా తగలలేదు). ఒడెస్సా నా బెల్టు పట్టుకుంది. క్లెమెంట్ అటునుంచి రెండు చేతులూ చాచాడు. మిసెస్ లెన్‌హార్ట్ అతని బెల్టు పట్టుకుంది, ఆమెను మిస్టర్ లెన్‌హార్ట్ పట్టుకున్నాడు. ఫ్లాస్కు గాల్లో ఒకసారి ఊగి క్లెమెంట్ చేతుల్లో పడింది. అతను పసిపిల్లను మోసినట్టు అరవై మెట్లు మోసుకెళ్లి ట్రూడీ వరండాలో పెట్టాడు. ఆమె కప్పులో పోసుకుంది. పైన బెర్నడీన్ తన కప్పు ఎత్తింది.

"ఎలా ఉందక్కా?"

"వేడిగా ఉంది," అని కింది నుంచి అరిచింది ట్రూడీ. "ఈ లావుపాటాయన ఎవరే, మీసాలకు నా బిస్కట్టు పొడి అంటించుకున్నాడు?"

"మేయరుకు మార్కులేసేవాడులే. ఇంకోటి పెట్టు."

మేం అయిదుగురం తెగ నవ్వాం. ముప్పై ఏళ్ల బస్సు ఉద్యోగంలో కూడా ఒడెస్సా అంతగా నవ్వి ఉండదు. నిజం చెప్పాలంటే సంఘం పుట్టిన దగ్గర్నుంచి ఎవరికైనా పనికొచ్చే పని మేం చేసింది ఆ ఒక్క పూటే. కోరం లేదు కాబట్టి అది రికార్డులోకి ఎక్కలేదు. రికార్డులో లేనిది జరగలేదు.

కుర్చీకి పేరు రావడంతో అభ్యర్థులు దిగారు. పోటీ అభ్యర్థి, కౌన్సిల్ సభ్యురాలు యివెట్ స్ట్రౌడ్ ముందు వచ్చింది. కుర్చీ పక్కన నిలబడి ఫోటో దిగి, "నన్ను గెలిపిస్తే అరవై ఒక్క రోజుల్లో అరవై ఒకటో మెట్టు" అంది. మిగతా రెండు మెట్ల సంగతి బెర్నడీన్ అడిగితే, అవి రెండో విడత పాలనలో అంది. ఈవిడ రికార్డు కూడా తూచాం. మేయరుగా ఏం చేసిందన్న గడిలో ఏమీ లేదు, ఎందుకంటే ఆమె మేయరు కాదు. మేయరైతే తప్ప మేయరు పదవికి మార్కులు రావు. కౌన్సిల్లో ఉండి మేయరు ప్రతిపాదనలన్నిటికీ చెయ్యెత్తింది కాబట్టి ఆ మార్కులూ మేయరు ఖాతాలోకే వెళ్లాయి. ఆమెకు పదకొండు వచ్చాయి, అవి ఉడతల విషయంలో.

మేయరు కొరిగన్ తర్వాతి వారం వచ్చాడు. ఆయన అందరినీ పేరు పెట్టి పిలుస్తాడు, సగం పేర్లు తప్పు.

"బెర్నిస్ పిన్నీ, మీ వీధి గురించి నాకు తెలియదనుకున్నారా? లెక్కలు చూశాను. ఈ నాలుగేళ్లలో వెస్పర్ వీధిలో ఒక్క వాహన ప్రమాదం లేదు. ఒక్క గుంత ఫిర్యాదు లేదు. పార్కింగు తగాదా లేదు. ఊరు మొత్తం మీద ఇలాంటి వీధి ఇంకోటి చూపించండి."

"మెట్లు కూడా లేవు బాబూ," అంది బెర్నడీన్.

"అదీ చూశాను. దానివల్ల ఆ రూటు బస్సులో ప్రయాణికులు పదకొండు శాతం పెరిగారు."

ఒడెస్సా పక్కకు తిరిగి నాతో మెల్లగా అంది: "ఆ పదకొండు శాతమూ ఈవిడే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి." అయినా శాతం శాతమే. ప్రజా రవాణా కింద పదికి పది. ఆ వారమే వెస్పర్ వీధిని నగరంలో ఉత్తమ వీధిగా ప్రకటించారు. ఆ బోర్డును వేగపరిమితి బోర్డు కింద తగిలించారు.

చివరి సమావేశంలో కూడికలు వేశాం. బెర్నడీన్ చెప్పిందంతా నిజమని అయిదుగురికీ తెలుసు. అయిదుగురం కళ్ళారా చూశాం. కానీ ఏ గడిలో తగ్గించాలో ఎవరికీ తెలియలేదు. ఒడెస్సా ఫారం తిప్పి తిప్పి చూసి, "ఇందులో పెట్టడానికి చోటు లేకపోతే మనం చూసి ఏం లాభం?" అంది. ఆ ప్రశ్నకు కూడా ఫారంలో చోటు లేదు.

మేయరుకు నూటికి తొంభై నాలుగు వచ్చాయి. ఆరు మార్కులు ఎందుకు పోయాయంటే, మార్చి మూడో శుక్రవారం ఆయన చేపల వేపుడు వరసలో నలభై మందిని దాటుకుని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. అది అయిదుగురం చూశాం, కోరం ఉంది, పైగా 'వరస పాటించుట' అని గడి కూడా ఉంది. ఆయన నాలుగేళ్ల పాలనలో మేం సాక్ష్యంతో నిరూపించగలిగిన తప్పు అదొక్కటే.

ఫారం నేనే నింపాను. నా చేతిరాతలో తొంభై నాలుగు చాలా అందంగా వచ్చింది. దాని ప్రతులు వార్డులో ఇంటింటికీ పంచాం.

ప్రైమరీ రోజున పోలింగు ఫైర్‌స్టేషన్ హాల్లోనే. అది కొండ కింద ఉంది. ట్రూడీ వాకర్ పట్టుకుని వచ్చింది. బెర్నడీన్ రెండు బస్సులు మారి, ఒకటి తప్పిపోయి, మధ్యాహ్నానికి చేరింది. నేను గుమ్మం దగ్గర మా ఫారం ప్రతులు పంచుతున్నాను. ఒకటి ఆమెకూ ఇచ్చాను, ఇవ్వకపోతే పక్షపాతం అవుతుంది.

ఆమె దాన్ని చదివింది. నిదానంగా, అంకె మీద వేలు పెట్టి చదివింది.

"నువ్వే రాశావా వెర్నన్?"

"అవునండీ."

"మా పిల్లవాడికి నువ్వే కదా అక్షరాలు దిద్దించింది," అని మడిచి సంచీలో పెట్టుకుంది. "ట్రూడీ ఇంకా ఆరు వారాలే ఉంటుంది. నీకు తెలుసుగా."

తెలుసన్నాను. సిగ్గేసింది, కానీ వరసలో ఇంకా జనం ఉన్నారు.

ఫలితాలు: కొరిగన్‌కు పదిహేను వందల చిల్లర, స్ట్రౌడ్‌కు పన్నెండు వందలు. అభ్యర్థుల జాబితాలో లేని పేరు ఓటరే రాసుకునే వీలుంది మా దగ్గర. అలా నలభై ఏడుగురు ఒకే పేరు రాశారు: "బెర్నడీన్ కుర్చీ." ఎన్నికల అధికారులు దీన్ని తేలిగ్గా కొట్టెయ్యలేదు, రెండు రోజులు పరిశీలించారు. అభ్యర్థి నగరంలో ఏడాదికి పైగా నివసించి ఉండాలి. కుర్చీ ముప్పై నాలుగేళ్లుగా ఉంది. దాని మీద కేసులు లేవు. బాకీలు లేవు. కానీ నంబరు వేసిన దగ్గర్నుంచి అది నగరపాలక సంస్థ సేవలో ఉంది, సేవలో ఉన్నవారు ఎన్నికల్లో నిలబడరాదు. ఆ సాంకేతిక కారణం మీద నలభై ఏడు ఓట్లూ చెల్లలేదు. వాటిలో ఒకటి ఒడెస్సాదని నాకు అనుమానం. ఇంకోటి క్లెమెంట్‌ది అయ్యుండొచ్చు. నాది కాదు. నేను తొంభై నాలుగుకే వేశాను, నా దస్తూరీని నేనే కాదనలేను కదా.

మేయరు మాట తప్పే మనిషి కాదు. ఎన్నిక అయిపోగానే వెస్పర్ వీధి కాగితాలు కదిలాయి. మే చివర్లో అంచనాలు, జూన్‌లో కొలతలు. జూన్ ఇరవై ఎనిమిదిన ట్రూడీ సామాను ఎక్కించిన బండి కింది రోడ్డు మీద నుంచి ఎరీకి బయల్దేరింది. ఆవేళ బస్సు ఆలస్యం. బెర్నడీన్ బస్సు కోసం చూడకుండా మెట్లు దిగి కుర్చీ దాకా వెళ్లి నిలబడి చెయ్యి ఊపింది. నేను నా వరండాలోంచి చూశాను. ట్రూడీ బండి కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చాలాసేపు ఊపింది. స్వెట్టరు గురించి ఏదో అరిచింది, సరిగా వినబడలేదు.

జూలై ఒకటిన డ్వేన్ మనుషులు వచ్చారు. నగరపాలక సంస్థ తనిఖీలో పాత కుర్చీ శిథిలావస్థలో ఉందని, సీటు మూల చిరిగిందని తేలిందట. దాన్ని గౌరవంగా తీసి, దాని స్థానంలో కొత్త ఉక్కు కుర్చీని కాంక్రీటు పోసి, నాలుగు బోల్టులతో బిగించారు. మేయరు రిబ్బను కత్తిరించాడు. వీపు మీద పలక ఉంది: పౌరుల భద్రతకు అంకితం. కాంక్రీటు కాస్త మిగిలితే డ్వేన్ గొయ్యి వంక చూశాడు గానీ, మంజూరు కుర్చీకే. మిగిలింది వెనక్కి మోసుకెళ్లాడు.

పాత కుర్చీని బెర్నడీన్‌కు తిరిగి ఇచ్చారు, రసీదు తీసుకుని. ఇప్పుడది ఆమె వంటింట్లో రెండో కుర్చీ. ఎవరూ కూర్చోరు. సీటు కింద నంబరు ఇంకా ఉంది.

ఆమె ఇప్పుడు ఆఫీసుకు ఫోను చెయ్యదు. బస్సూ ఎక్కదు. వచ్చే మదింపుకు ఇంకా నాలుగేళ్లుంది గానీ, పని వెనకబడకూడదని వెస్పర్ వీధి గడులు ఇప్పుడే నింపేశాను. పూర్తయిన పనులు: ఒకటి. అందిన ఫిర్యాదులు: సున్నా. ఆ సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందో చూడమని క్లెమెంట్ అందరికీ చూపించాడు.